రాతకెక్కిన గుహకే రక్షణ: ఉదయగిరి, ఆత్మకూరు కొండల్లో పురాతన గుహల సర్వే ఎలా చేయాలి?

శ్రీకృష్ణదేవరాయలు 1514లో ఉదయగిరి కోటను గెలిచాక అక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని విజయనగరానికి, అంటే ఇప్పటి హంపికి, తీసుకెళ్లాడు. 1515లో తాను కట్టించిన కృష్ణాలయంలో దాన్ని ప్రతిష్ఠించాడు. ఇప్పుడా విగ్రహం హంపిలో కూడా లేదు, చెన్నై మ్యూజియంలో ఉంది. అయిదు వందల ఏళ్లలో ఇన్ని చోట్లు మారినా అది మన ఉదయగిరి కృష్ణుడేనని చెప్పుకోగలుగుతున్నాం. రాయలు హంపి గుడిలో వేయించిన శాసనం ఆ సంగతిని రాసిపెట్టింది కాబట్టే అది సాధ్యమైంది.

మన కొండల్లోని గుహలకూ అలాంటి ఒక రాత కావాలి. ఉదయగిరి, సీతారామపురం, మర్రిపాడు, అనంతసాగరం వైపు పడమర గోడలా నిలబడిన వెలిగొండల్లో గొర్రెల కాపరులకు మాత్రమే తెలిసిన గవులు, అంటే గుహలు, ఉంటాయి. గుప్తనిధుల ఆశతో ఒకడు రాత్రికి రాత్రి నేల తవ్వినా, కంకర కోసం ఎవరైనా బండను పేల్చినా, అక్కడ ఏముండేదో చెప్పడానికి కాగితం ముక్క కూడా ఉండదు. ఉందని ముందే రాసుకున్నదాన్నే పోయిందని అడగగలం, పోకుండా ఆపగలం.

ఆ రాతపని చేయడానికి పురావస్తు శాస్త్రంలో పట్టా అక్కర్లేదు. ఓపిక, నిజాయితీ, దేన్నీ ముట్టుకోని చేయి ఉంటే చాలు. డిగ్రీ విద్యార్థులు, బడిపంతుళ్లు, ఊరి యువకులు నలుగురు కలిసి మొదలుపెట్టొచ్చు. ఎలాగో వరసగా చూద్దాం.

ముందు తెలుసుకోవాల్సింది: ఇక్కడ గుహ అంటే ఏమిటి?

గుహ అనగానే బెలూం గుహ గుర్తొస్తుంది. అది సున్నపురాతిని నీళ్లు కరిగించి తొలిచిన పొడవాటి బిలం. వెలిగొండలు చాలావరకు క్వార్ట్‌జైట్ అనే గట్టి రాయి, మధ్యమధ్యలో పలకరాయి పొరలు. మెత్తటి పొర ముందు అరిగిపోతే గట్టి పొర పైన చూరులా ముందుకు నిలుస్తుంది. కాబట్టి మీకు ఎక్కువగా దొరికేవి మైళ్ల పొడవు సొరంగాలు కావు. పది మంది వానకు తలదాచుకోగల రాతి నీడలు. ఆది మానవుడికి కావలసిందీ అదే: పైన కప్పు, దగ్గర్లో నీటి దొన, ఎదురుగా లోయ కనిపించే చోటు.

మీరు వెతికేవి మూడు రకాలు. మొదటిది, సహజంగా ఏర్పడి మనుషులు వాడుకున్న రాతి నీడలు. రెండోది, ఉలితో తొలిచిన గుహాలయాలు. మూడోది, ఇప్పటికీ పూజలు జరుగుతున్న, సాధువులు తపస్సు చేసిన గుహలు. ఒకే గుహ ఈ మూడూ కావచ్చు.

మీ మొదటి పాఠశాల భైరవకోన. ఉదయగిరికి ఉత్తరాన, చంద్రశేఖరపురం మండలం కొత్తపల్లి దగ్గర, కొండ పక్కను తొలిచిన ఎనిమిది శివాలయాలు అక్కడున్నాయి. ఏడు తూర్పు ముఖం, ఒకటి ఉత్తర ముఖం. కొత్త గుహను వెతకడానికి ముందు ఒక రోజంతా అక్కడ గడపండి. ఉలి దెబ్బ ఎలా ఉంటుందో, వాన అరగదీసిన రాయి ఎలా ఉంటుందో పక్కపక్కన పెట్టి చూడండి. ఈ తేడా కంటికి పట్టుబడితే సగం చదువు వచ్చినట్టే.

1వ మెట్టు: అనుమతులు

వెలిగొండల్లో చాలా భాగం రిజర్వు అడవి. అనుమతి లేకుండా అడుగుపెడితే అటవీ చట్టం కింద నేరం. పెనుశిల నరసింహ అభయారణ్యం హద్దుల్లోకి వెళ్తే వన్యప్రాణి చట్టం కూడా వర్తిస్తుంది. కాబట్టి డివిజనల్ ఫారెస్ట్ ఆఫీసర్‌కు రాతపూర్వకంగా దరఖాస్తు చేయండి. ఎవరెవరు వెళ్తున్నారు, ఏ కోనలోకి, ఏ తేదీల్లో, ఏం చేస్తారు, ఏం చేయరు అన్నవన్నీ అందులో ఉండాలి. ‘తవ్వం, ఏ వస్తువూ తీసుకురాం’ అన్న వాక్యం తప్పక రాయండి.

రాష్ట్ర పురావస్తు, మ్యూజియంల శాఖకూ ఒక ప్రతి పంపండి. పట్టా భూమైతే రైతును, గుడైతే పూజారిని, ధర్మకర్తలను అడగండి. ఊళ్లో నలుగురికీ మీ పని ముందే తెలిసి ఉంటే, నిధుల కోసం వచ్చిన ముఠా అన్న అనుమానం రాదు. ఈ ప్రాంతంలో ఆ అనుమానం తేలిగ్గానే వస్తుంది.

2వ మెట్టు: ఇంట్లో కూర్చుని చేసే పని

కొండెక్కే ముందు కాగితాలు తిరగేయాలి. సర్వే ఆఫ్ ఇండియా పటాల్లో ఉదయగిరి, ఆత్మకూరు రెండూ 57 ఎన్ అనే గడిలోకి వస్తాయి. దాన్ని మళ్లీ 16 పటాలుగా విడగొట్టారు. 1:50,000 కొలతలో ఉండే ఆ పటంలో ఒక సెంటీమీటరు అంటే నేల మీద అర కిలోమీటరు. ఎత్తు గీతలు ఒకదానికొకటి అతుక్కుపోయినట్టు దగ్గరగా ఉన్నచోట నిట్టనిలువు చరియ ఉంటుంది. దాని కిందే వాగు పారుతుంటే అక్కడ పెన్సిల్‌తో సున్న చుట్టండి.

తర్వాత పాత పుస్తకాలు. 1882లో రాబర్ట్ సెవెల్ మద్రాసు రాజధానిలోని పురాతన కట్టడాల జాబితా అచ్చువేశాడు. 1905లో బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి నెల్లూరు జిల్లా శాసనాలను మూడు సంపుటాలుగా తెచ్చారు. అప్పటి తాలూకాల వారీగా ఊరి పేర్లున్న ఆ సంపుటాల్లో మీ ఊరు ఉందేమో చూడండి. ఉంటే, ఆ శాసనం ఇప్పుడు ఎక్కడుందో వెతకడమే మీ మొదటి సర్వే అవుతుంది.

మూడోది ఊరి పేర్లు, గుట్టల పేర్లు. ఉమ్మడి కర్నూలు జిల్లాలో పాత రాతియుగపు ఎముక పనిముట్లు దొరికిన గుహ పేరు ముచ్చట్ల చింతమాను గవి. జనం దాన్ని గవి అంటూనే ఉన్నారు, పరిశోధకులు ఆ తర్వాత వచ్చారు. గవి, బిలం, కోన, దొన, సన్నాసి, సిద్ధుడు, పాండవులు, రాక్షసులు అన్న మాటలు కలిసిన పేరు ఏది వినబడినా పుస్తకంలో రాసుకోండి. ‘రాక్షస గుళ్లు’ అని జనం పిలిచేవి చాలాచోట్ల ఇనుపయుగపు రాతి సమాధులని తేలింది.

3వ మెట్టు: ఊళ్లో అడగడం

ఇది సర్వేలో గుండెకాయ లాంటి పని. ‘ఇక్కడ చరిత్రపూర్వ యుగపు గుహలున్నాయా?’ అని అడిగితే ఎవరైనా లేవనే అంటారు. వాళ్ల బతుకులోంచి ప్రశ్న తీసుకోండి.

‘తాతా, కొండలో ఉన్నట్టుండి వానొస్తే జీవాల్ని యాడికి తోల్తారు?’

‘యాడికేంది నాయనా, పైన గవి ఉంది గదా, రెండు మందలు పడతాయి.’

అంతే, దారి దొరికింది. తర్వాత, ‘ఎండాకాలంలో నీళ్లు ఎక్కడ నిలుస్తాయి? గోడ మీద బొమ్మలో, రాతలో ఏమన్నా చూశారా? గబ్బిలాలు ఎక్కడ ఎక్కువ? అక్కడికి పోవద్దని పెద్దోళ్లు ఎందుకు చెప్పేవాళ్లు?’ అని అడగండి. గొర్రెల కాపరులు, తేనె తీసే యానాదులు, కట్టెలకు వెళ్లే ఆడవాళ్లు, ఉదయగిరిలో కొయ్య గరిటెలు చేసేవాళ్లకు కొండ నుంచి కొయ్య తెచ్చిన పాతకాలపు మనుషులు, వీళ్లే మీ గురువులు. ఎవరు చెప్పారో వాళ్ల అనుమతితో రాసుకోండి. దారి చూపిన వాళ్లకు ఒక రోజు కూలి ఇవ్వడం మర్యాద.

4వ మెట్టు: కాలం, బృందం, సామాను

నెల్లూరు జిల్లాకు వాన ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో వస్తుంది. ఆ నెలల్లో కోనల్లోకి వెళ్లొద్దు, వాగు చెప్పకుండా వస్తుంది. జనవరి నుంచి మార్చి మొదటివారాల దాకా మంచి కాలం. ఆకు రాలి చరియలు దూరం నుంచే కనిపిస్తాయి. ఏప్రిల్ దాటితే బండ కాలుతుంది.

బృందంలో కనీసం నలుగురు ఉండాలి. అందులో ఒకరు ఆ కొండ ఎరిగిన మనిషి. సాయంత్రం ఎన్నింటికి తిరిగొస్తారో ఊళ్లో ఒకరికి చెప్పి వెళ్లండి. ఆ వేళ దాటితే ఎవరికి ఫోన్ చేయాలో కూడా చెప్పండి.

సంచిలో ఉండాల్సినవి:

- 30 మీటర్ల టేపు, కంపాస్, గళ్ల కాగితాల పుస్తకం, పెన్సిళ్లు
- 10 సెంటీమీటర్ల కొలబద్ద, ఉత్తర దిక్కు చూపే కాగితపు బాణం
- ఒక్కొక్కరికి ఒక తల లైటు, అదనంగా ఒక టార్చి, హెల్మెట్
- ఫోన్ లేదా కెమెరా, అదనపు బ్యాటరీ
- ముక్కుకు మంచి మాస్కు, మందపాటి బూట్లు, నిండు చేతుల చొక్కా
- మనిషికి నాలుగు లీటర్ల నీళ్లు, ప్రథమ చికిత్స పెట్టె

సుత్తి, పార, సుద్దముక్క, రంగు డబ్బా సంచిలో ఉండనే కూడదు.

5వ మెట్టు: లోపలికి వెళ్లే ముందు పావుగంట

గుహ కనిపించగానే దూరొద్దు. ఇరవై అడుగుల దూరంలో నిలబడి చూడండి, వినండి. చూరుకు పెద్ద తేనెపట్టు వేలాడుతోందా? ఉంటే ఆ రోజుకు వెనక్కి రండి. పొగ, గట్టి మాటలు, అత్తరు వాసన దేనికైనా తేనెటీగలు లేస్తాయి. తాజా ఎలుగు పెంట, చిరుత అడుగులు, ఎముకలు కనిపిస్తే అది వాళ్లిల్లు. తీసుకోగలిగితే దూరం నుంచి ఒక ఫోటో తీసుకుని వచ్చేయండి. పాము కరిస్తే కోయడాలు, కట్టు బిగించడాలు వద్దు. మనిషిని కదలనివ్వకుండా మోసుకుంటూ కిందికి తెచ్చి 108కి ఫోన్ చేయండి.

గబ్బిలాల రెట్ట పేరుకుపోయిన చోట దుమ్ము లేపితే ఊపిరితిత్తులకు ప్రమాదం. మాస్కు లేకుండా వెళ్లొద్దు. వేసవి మొదట్లో పిల్లలతో ఉన్న గబ్బిలాలను అసలే కదిలించొద్దు.

పూజ జరిగే గుహైతే చెప్పులు బయటే వదలండి. అక్కడ మీరు ముందు భక్తులు, తర్వాతే సర్వేయర్లు.

6వ మెట్టు: చూడటం

నాలుగు చోట్లు, ఈ వరసలోనే చూడండి.

బయటి వాలు. గుహలో బతికిన మనుషులు చెత్తంతా ముందుకే పారేస్తారు. వాన దాన్ని వాలు మీదికి దించుతుంది. కుండ పెంకులు, రాతి పెచ్చులు మొదట కనిపించేది అక్కడే. జాగ్రత్త, ఈ జిల్లాలో తెల్ల పలుగురాయి ఎక్కడంటే అక్కడ సహజంగానే పగిలి పడుంటుంది. పదునుగా ఉన్న ప్రతి ముక్కా పనిముట్టు కాదు. ఆ కొండలో పుట్టని చెకుముకి రాయి, జాస్పర్ లాంటివి చిన్న చిన్న పెచ్చులుగా ఒకేచోట గుంపుగా ఉంటే అవి మనిషి తెచ్చినవి. అలాంటి చోటును గుర్తించండి.

గోడలు. ఎరుపు జేగురు, తెల్ల సుద్ద, నల్ల బొగ్గు రంగుల బొమ్మల కోసం చూడండి. కడప జిల్లా చింతకుంటలోనూ, కర్నూలు జిల్లా కేతవరంలోనూ రాతి నీడల గోడల మీద అలాంటి చిత్రాలున్నాయి. క్వార్ట్‌జైట్‌లోని ఇనుము వల్ల సహజంగానూ ఎర్ర మరకలు పడతాయి. సహజ మరక పగుళ్ల వెంట, నీరు జారిన దారి వెంట నడుస్తుంది. బొమ్మ గీత వాటిని అడ్డంగా దాటుతుంది. గీత అంచు స్పష్టంగా, ఒకే వెడల్పులో ఉందేమో కూడా చూడండి. డీ-స్ట్రెచ్ అనే సాఫ్ట్‌వేర్ ఫోటోలో రంగులను విడదీసి కంటికి ఆనని బొమ్మను తేటపరుస్తుంది. ఫోటోను అలా శుద్ధి చేయొచ్చు, గోడను మాత్రం ముట్టుకోకూడదు. బొమ్మ బాగా కనబడాలని నీళ్లు చల్లడం చాలామంది చేసే తప్పు. ఆ తడికి రాతిలోని లవణాలు పైకొచ్చి బొమ్మ మీద తెల్ల తెరలా కట్టుకుంటాయి.

చెక్కిన అక్షరాలు, బొమ్మలు చదవాలంటే టార్చిని పక్కనుంచి, గోడకు ఆనినట్టు పట్టండి. నీడ పడి గీతలు లేచి కనిపిస్తాయి. సుద్దతో దిద్దడం, పిండి పూయడం, నూనె రాయడం వద్దు.

నేల. గుహలో అన్నిటికంటే విలువైనది, అన్నిటికంటే నిర్లక్ష్యానికి గురయ్యేది నేల. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు హెన్రీ అప్పటి కర్నూలు జిల్లా బిళ్లసర్గం గుహల్లో తవ్వకాలు మొదలుపెట్టారు. ఇప్పుడు మన దగ్గర లేని ఖడ్గమృగం ఎముకలు కూడా అక్కడి మట్టిపొరల్లోంచి బయటపడ్డాయి. పొర మీద పొరగా పేరుకున్న ఆ మట్టి ఒక పుస్తకం. నిపుణులు ఒక్కో పేజీ తిప్పి చదువుతారు. నిధి కోసం తవ్వినవాడు పుస్తకాన్నే చింపేస్తాడు. మీ పని మట్టి ఎంత మేర ఉంది, ఎక్కడ చెక్కుచెదరకుండా ఉంది, ఎక్కడ తవ్విన గుంటలున్నాయి అని రాయడం మాత్రమే. ఇంతకుముందే ఎవరో తవ్విన గుంట ఉంటే దాని అంచులో పొరలు కనిపిస్తాయి. ఫోటో తీయండి.

పైకప్పు. పొగ మసి, కందిరీగల గూళ్లు, కొత్త పగుళ్లు చూడండి. రాలబోయే రాయి కింద కొలతలు తీస్తూ నిలబడొద్దు.

7వ మెట్టు: రాయడం

ప్రతి గుహకూ ఒక సంఖ్య ఇవ్వండి. ఊరి పేరు, కోన పేరు, అంకె. ఫోన్‌లో అక్షాంశ రేఖాంశాలు తీసుకోండి. కానీ రెండు పక్కలా కొండలున్న కోనలో ఉపగ్రహాలు సరిగా అందవు. ఎన్ని మీటర్ల తేడా ఉండొచ్చని ఫోన్ చూపుతోందో అదీ రాసి, ఎదురుగా కనిపించే రెండు శిఖరాల దిశలు కంపాస్‌తో తీసుకోండి. 3,079 అడుగుల ఉదయగిరి దుర్గం చాలా దూరానికి కనిపిస్తుంది, మంచి గురుతు.

నేల పటం గీయడం సులువే. గుహ నోటి మధ్య నుంచి లోపలి గోడ దాకా టేపు తిన్నగా పరవండి. ప్రతి మీటరు దగ్గరా ఎడమ గోడ ఎంత దూరం, కుడి గోడ ఎంత దూరం, కప్పు ఎంత ఎత్తు అని కొలిచి గళ్ల కాగితం మీద చుక్కలు పెట్టి కలపండి. చూరు నీళ్లు పడే గీతను తెగిన గీతగా చూపండి. వాన లోపలికి ఎంతవరకు వస్తుందో, గోడ మీది బొమ్మకు తడి భయం ఉందో లేదో ఆ గీతే చెబుతుంది.

ఫోటోలు ముందు దూరం నుంచి గుహ మొత్తం, తర్వాత నోరు, తర్వాత లోపలి నుంచి బయటికి, చివర ఒక్కో విశేషం. దగ్గరి ఫోటో ప్రతిదాన్నీ కొలబద్ద పెట్టి ఒకటి, తీసేసి ఒకటి తీయండి. కొలబద్దను బొమ్మకు ఆనించొద్దు.

నమూనా కోసం, ఊహించి రాసిన ఒక పేజీ ఇలా ఉంటుంది:

*సంఖ్య: పెద్దకోన–3. తేదీ, వేళ. చూపించినవారు: కాపరి, సుమారు 60 ఏళ్లు. ముఖం: ఆగ్నేయం. వెడల్పు 8.4 మీటర్లు, లోతు 4.1, నోటి దగ్గర ఎత్తు 2.6. రాయి: క్వార్ట్‌జైట్. నీళ్లు: 150 మీటర్ల దిగువన దొన. గోడ: ఎడమవైపు ఎర్ర గీతలు, బొమ్మలు కావచ్చు, నిర్ధారించాలి. నేల: వెనక సగం చెక్కుచెదరలేదు, ముందు ఒక గుంట, అంచులు తాజాగా ఉన్నాయి. వాడకం: గొర్రెలు. ముప్పు: తవ్వకం.*

చూసింది వేరు, అనుకున్నది వేరు. రెండూ వేర్వేరు గడుల్లో రాయండి. కాలనిర్ణయం చేయడానికి తొందరపడొద్దు. ‘పదివేల ఏళ్ల నాటిది’ అని మీరు రాసిన ఒక్క తప్పు మాట, మీరు కొలిచిన వంద నిజాల మీద నమ్మకాన్ని తీసేస్తుంది.

8వ మెట్టు: ఏది ముందు కాపాడాలి?

ఒక కాలం పని చేస్తే చేతిలో పది, ఇరవై గుహలుంటాయి. అన్నిటినీ ఒకేసారి కాపాడలేం. రెండు ప్రశ్నలు వేసుకోండి. ఇందులో ఉన్నది ఎంత అపురూపం? దానికి ముప్పు ఎంత దగ్గర్లో ఉంది? రెండిటికీ ఒకటి నుంచి మూడు దాకా అంకె వేసి గుణించండి. తొమ్మిది వచ్చింది ఈ వారమే చెప్పాల్సింది. ఆరు వచ్చింది ఈ ఏడాదిలోపు. మిగతావి ఏటా చూసి రావాల్సినవి.

ముప్పులు ఇవి: గుప్తనిధుల తవ్వకాలు, క్వారీ పేలుళ్లు, కొత్త రోడ్లు, గోడ మీద పేర్లు రాసే యాత్రికులు, లోపల వంట పొగ, కార్చిచ్చు. వీటితో పాటు భక్తితో చేసే నష్టమూ ఉంది. పాత గోడకు సున్నం కొట్టడం, ఎనామిల్ రంగు వేయడం, నేలకు టైల్స్ పరచడం, శాసనం మీద సిమెంటు పూయడం. వీళ్లు చెడ్డవాళ్లు కారు, దేవుడికి మంచి చేస్తున్నామనే చేస్తారు. ‘అయ్యవారూ, ఈ గోడ మీద అక్షరాలున్నాయి. దేవుడికి ఎప్పుడో ఎవరో రాసిచ్చిన మాన్యం పత్రం అయ్యుండొచ్చు. సున్నం కింద పోతే స్వామి ఆస్తికే సాక్ష్యం పోతుంది’ అని మెల్లగా చెప్పండి. పూజారి ఒప్పుకుంటే ఆ గుహకు అంతకు మించిన కావలి లేదు.

9వ మెట్టు: ఎవరికి చెప్పాలి, ఎలా చెప్పాలి?

రెండు పేజీల నివేదిక చాలు. మొదటి పేజీలో గుహ ఎక్కడుంది, ఏముంది, ఏం ముప్పుంది, మీరు అడిగేది ఏమిటి. రెండో పేజీలో పటం, నాలుగు ఫోటోలు. పురావస్తు, మ్యూజియంల శాఖకు, కలెక్టరుకు, తహసీల్దారుకు, అటవీ అధికారికి పంపి, అందినట్టు రసీదు తీసుకోండి. శాసనం ఉంటే దాని ఫోటోలు మైసూరులోని భారత పురావస్తు సర్వే శాసన విభాగానికి పంపాలి. కడప యోగి వేమన, తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయాల్లోని పురావస్తు అధ్యాపకులను వచ్చి చూడమని పిలవండి. వాళ్ల మాట తోడైతే మీ నివేదికకు బలం వస్తుంది.

చట్టాలు నాలుగు గుర్తుంచుకోండి. 1958 కేంద్ర చట్టం, 1960 రాష్ట్ర చట్టం కింద ఒక చోటును రక్షిత స్థలంగా ప్రకటించొచ్చు. కేంద్ర రక్షిత స్థలమైతే 2010 సవరణ ప్రకారం చుట్టూ 100 మీటర్లలో కొత్త కట్టడాలు, క్వారీలు నిషేధం, ఆపై 200 మీటర్లలో అనుమతితోనే. నేలలో దాగిన విలువైన వస్తువు దొరికితే 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం కలెక్టరుకు తెలపాలి. వందేళ్లు దాటిన విగ్రహాలు, పురావస్తువుల అమ్మకం, ఎగుమతి 1972 చట్టం పరిధిలోకి వస్తాయి. తవ్వకం కళ్లెదుట జరుగుతుంటే మాత్రం మీరు అడ్డం వెళ్లొద్దు. దూరంగా వచ్చి పోలీసులకు చెప్పండి.

ఒక మాట మాత్రం గట్టిగా పట్టుకోండి: గుహ ఉన్న చోటును వాట్సాప్‌లో, ఫేస్‌బుక్‌లో, యూట్యూబ్‌లో పెట్టొద్దు. ఫోటోలోనే స్థలం వివరం దాగి ఉంటుంది, పంచే ముందు దాన్ని తీసేయండి. రక్షణ రాకముందే పేరు వస్తే పారలు ముందు వస్తాయి. వివరాలు అధికారులకు పూర్తిగా ఇవ్వండి, లోకానికి ఊరి పేరుతో ఆపండి.

10వ మెట్టు: మళ్లీ వెళ్లడం

నివేదిక ఇచ్చాక కూడా పని ఉంటుంది. ఏటా సంక్రాంతి తర్వాత ఒకసారి అదే చోట నిలబడి, అదే కోణంలో అవే ఫోటోలు తీయండి. మొదటి ఏడు నిలబడిన చోటును నోట్‌బుక్‌లో కొలతతో రాసుకుంటే ఇది తేలిక. పాత ఫోటో పక్కన కొత్తది పెడితే కొత్త గుంట, పెరిగిన పగులు, వెలసిన రంగు తెలిసిపోతాయి. దారి చూపిన కాపరికి ఒక ఫోటో అచ్చువేసి ఇవ్వండి. ఆ కొండ మీద ఏడాదిలో మూడు వందల రోజులుండేది ఆయనే. కొత్త మనుషులు పారలతో కనిపిస్తే మొదటి ఫోన్ ఆయన నుంచే రావాలి.

మీ నోట్‌బుక్ రెండు ప్రతులు చేయించి ఒకటి మండలంలోని గ్రంథాలయానికో, కాలేజీకో ఇవ్వండి. రాయలు హంపి శాసనంలో వేయించిన ఉదయగిరి మాట అయిదు వందల ఏళ్లుగా నిలిచి ఉంది. మీరు పెన్సిల్‌తో రాసే ‘పెద్దకోన–3’కి అంత ఆయుష్షు అక్కర్లేదు. గొర్రెల కాపరి మనవడు పెద్దవాడై ఆ గవి దగ్గర నిలబడి, ఇక్కడ ఏముందో నాకు తెలుసు అని అనేంత కాలం ఉంటే చాలు.